‘షే పా’: ఒక ఫ్రెంచి పలుకుబడి పుట్టుపూర్వోత్తరములు

గౌతమీతీరమున, నలువైపుల తెలుగు పల్లెల నడుమ, ముప్పది చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల యానాము ఫ్రెంచివారి వలస స్థావరముగా రెండువందల సంవత్సరములకు పైగా నుండెను. 1723లో వారచ్చట తొలిసారి కాలూనిరి. కొలది యేండ్లకు విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. నడుమ నడుమ ఆంగ్లేయులు ఆక్రమించినను అది ఫ్రెంచివారి స్థావరముగనే సాగెను; 1954 నవంబరు 1వ తేదీన పాలనాధికారము భారతదేశమునకు సంక్రమించెను. 1956 మే 28న జరిగిన ఒడంబడిక 1962 ఆగస్టు 16న న్యాయసమ్మతముగా అమలులోనికి వచ్చినది. ప్రజాప్రతినిధులు వేరొక నిర్ణయము గైకొనువరకును ఫ్రెంచియే అధికారభాషగా నుండవలెనని ఆ ఒడంబడికలో నొక నిబంధన కలదు. తరువాత 1965లో వచ్చిన అధికారభాషల చట్టము యానామునందు తెలుగునకు స్థానము కల్పించినది.

ఈ దీర్ఘకాలమున యానాము తెలుగువారికి ఇంటిభాష తెలుగు, కచేరీభాష ఫ్రెంచి. ‘పరాసువారి’ భాషను మనవారు బడిలో నేర్చిరి, అర్జీలయందు వ్రాసిరి, న్యాయస్థానమున వినిరి. వారు నేర్చినది చక్కని భాషయే. కాని అది పుస్తకముల భాష. ఆ భాషను పుట్టింట, అనగా ఫ్రాన్సు దేశపు వీధిలో, వంటయింటిలో, అంగడిలో మాటలాడునట్టి తీరు వేరు. ఈ భేదము ఎంతటిదో, ఎట్లు కలిగినదో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములతో పనిలేదు. ఒక్క చిన్న వాక్యము చాలును. ‘నాకు తెలియదు’ అనుటకు ఫ్రెంచివాడు పలుకు మాటయే ఆ వాక్యము. దాని చరిత్ర ఈ వ్యాసమునకు విషయము.

బడిలో నేర్పు వాక్యమిది: ‘జ న సే పా’. ఇందు మొదటి మాటలోని ధ్వనికి తెలుగున సరియైన యక్షరము లేదు. నాలుకను అంగిలికి పూర్తిగ నంటింపక, ‘శ’కారమును నాదముతో పలికినచో నది వచ్చును. దానినే యిచ్చట ‘జ’కారముతో సూచించుచున్నాను. యానామునందో పుదుచ్చేరియందో ఈ వాక్యమును వల్లించి, పరీక్షయందు తప్పులేక వ్రాసిన విద్యార్థి ఫ్రాన్సు దేశమునకు పోయి, వీధిలో నొకని దారి యడిగినాడనుకొందము. ఆ మనిషి భుజము లెగురవైచి ‘షే పా’ అని తన దారిని తాను పోవును. విద్యార్థి నేర్చిన నాలుగు మాటలలో రెండు వినరాలేదు. ‘జ’ లేదు, ‘న’ లేదు. ‘సే’ కాస్తా ‘షే’ యైనది. తన చెవి చెడినదో, ఆ మనిషి చదువురానివాడో యని యతడు సందేహించును. చెవియు చెడలేదు, ఆ మనిషియు చదువురానివాడు కాడు. నడచినది చరిత్ర.

మొదట పుస్తకవాక్యమును పదవిభాగము చేసి చూతము. ‘జ’ యనగా నేను. ‘సే’ యనగా ఎఱుగుదును. ‘న’ యనునది వ్యతిరేకార్థము నిచ్చు చిన్న మాట. మిగిలినది ‘పా’. వ్యాకరణపుస్తకములు దీనిని గూడ వ్యతిరేకార్థకమే యని చెప్పి ఊరకుండును. కాని లేదనుటకు ఒక మాట చాలదా, రెండేల? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకబోవుటతోనే చరిత్ర ఆరంభమగును.

తెలుగువానికి ఈ ప్రశ్న సహజముగ తోచును. ఏలయన మన భాషలో వ్యతిరేకార్థము క్రియలోనే ఇమిడియున్నది. ‘ఎఱుగను’ అన్న ఒక్క మాటలో నేను అను కర్తయు, ఎఱుగుట అను క్రియయు, లేదనుటయు మూడును కలవు. ఎఱుగను, ఎఱుగవు, ఎఱుగడు అని ప్రత్యయము మాఱుటచే కర్త తెలియుచున్నాడు. కావున ‘నేను’ అని ప్రత్యేకముగ చెప్పనక్కఱ లేదు. ఫ్రెంచి భాషయందు, నేనెఱుగుదును, నీవెఱుగుదువు, వాడెఱుగును అను మూడు రూపములకును వ్రాతలో భేదమున్నను పలుకుబడిలో ‘సే’ అనునదొక్కటే. క్రియాంతమునందలి ధ్వనులు కాలక్రమమున నశించినవి. అందుచే కర్తను తెలుపుటకు సర్వనామము తప్పనిసరి యైనది. భాష ఒకచోట పోగొట్టుకొన్నదానిని మఱియొకచోట సంపాదించుకొనును. ఈ సూత్రమే ‘పా’ విషయమునను పనిచేసినది.

ఫ్రెంచి భాష లాటిను భాషనుండి పుట్టినది. లాటినునందు ‘నోన్’ అను నిషేధపదము క్రియకు ముందు నిలిచెడిది. ప్రాచీన ఫ్రెంచియందు అది క్షీణించి ‘న’ యైనది. ఆ కాలమున ‘న’ యొక్కటియే నిషేధమునకు చాలియుండెను. కాని యీ చిన్న మాటకు ఊనిక లేదు. క్రియకు ముందు పొట్టిగ, తేలికగ ఉచ్చరింపబడును. వినువాని చెవిని అది తప్పిపోవచ్చును. కాదు, లేదు అనుట అవునని వినబడినచో ప్రమాదము. అందుచే మాటలాడువారు నిషేధమునకు బలము చేకూర్చుటకై క్రియకు వెనుక మఱియొక మాటను చేర్చిరి. ఆ చేర్చిన మాటలన్నియు మిక్కిలి యల్పమైన వస్తువుల పేర్లు. నడచుటకు ‘పా’, అనగా అడుగు. త్రాగుటకు ‘గూత్’, అనగా చుక్క. తినుటకు ‘మీ’, అనగా రొట్టెతునుక. మఱియు ‘ప్వె’, అనగా బిందువు. ‘వాడు ఒక అడుగైనను వేయడు’, ‘చుక్కయైనను త్రాగడు’ అని చెప్పినట్లుండెను.

ఈ మార్గము మనకు క్రొత్త కాదు. తెలుగువాడును ‘అడుగు కదలడు’, ‘చుక్క నీరు లేదు’, ‘గింజ రాలలేదు’, ‘రవంతయు తెలియదు’ అని నిత్యము పలుకుచునే యున్నాడు. ‘ఇసుమంతయు లేదు’ అనునప్పుడు, ఇసుము అనగా ఇసుక యనియు, ఇసుకరేణువంత పరిమాణమును చెప్పుచున్నామనియు మనకు స్ఫురింపదు. ఆ మాట నిషేధమునకు తోడుగా నిలిచి, తన తొలి యర్థమును సగము మఱచినది. ఇంతవరకు రెండు భాషలును ఒక్క దారినే నడచినవి.

ఇచ్చటనుండి దారులు చీలినవి. తెలుగున నిషేధము క్రియలో గట్టిగ నతుకుకొని యున్నందున, అడుగు, చుక్క, ఇసుము మొదలగు మాటలు తోడుగనే యుండిపోయినవి. అవి లేకున్నను వాక్యమునకు లోపము లేదు. ఫ్రెంచియందో, ‘న’ బలహీనమగుచు వచ్చుటచే, తోడు వచ్చిన మాటలే ముఖ్యములైనవి. వానిలో ‘పా’ తక్కినవానిని మించినది. మొదట నడచుట, కదలుట అను క్రియలతో మాత్రమే యుండదగిన ‘పా’ క్రమముగ అన్ని క్రియలతోను చేరినది. మన వాక్యమే దీనికి తార్కాణ. తెలియుటకును అడుగునకును ఏమి సంబంధము? ‘నేనొక అడుగైనను ఎఱుగను’ అను వాక్యమున కర్థము లేదు. కావున ‘జ న సే పా’ అని యెన్నడు జనులు పలుకగలిగిరో, అప్పటికే ‘పా’ అడుగు కాక, ‘లేదు’ అను అర్థమునకు చేరువయైనదన్నమాట. విచిత్రమేమనగా, అడుగు అను అర్థమున ఆ నామవాచకము నేటికిని ఫ్రెంచియందు సజీవముగ నున్నది. ‘అడుగడుగున’ అనుటకు వారు ‘పాజాపా’ అందురు. ఒకే మాట ఒకచోట అడుగు, మఱియొకచోట నిషేధము. దాని తోబుట్టువులలో ‘మీ’ నిషేధార్థమున వాడుకనుండి తొలగిపోయినది. ‘ప్వె’ కావ్యములలోను కొన్ని మాండలికములలోను మిగిలినది. ‘గూత్’ కన్ను కనబడలేదని చెప్పు నొక పలుకుబడియందు మాత్రము నిలిచియున్నది.

పదునేడవ శతాబ్దినాటికి క్రియకు ముందు ‘న’, వెనుక ‘పా’ అను జంట సామాన్యనియమమైనది. 1635లో ఫ్రెంచి అకాడమీ స్థాపింపబడెను; 1647లో వోజలా అను పండితుడు రాజాస్థానమందలి ఉత్తములు మాటలాడు పద్ధతియే సద్వ్యవహారమని నిర్ణయించుచు తన భాషావిమర్శనమును ప్రకటించెను; 1694లో అకాడమీ నిఘంటువు వెలువడెను. వ్యాకరణము స్థిరపడినది. కాని వాడుక స్థిరపడలేదు. దానికి చక్కని సాక్ష్యమొకటి కలదు. 1601లో జన్మించిన రాకుమారుడు, తరువాతి పదమూడవ లూయీ రాజు, పసితనమున పలికిన పలుకులను ఆస్థానవైద్యుడైన జాన్ ఎరోవార్ తన దినచర్యలో పలికినది పలికినట్లు వ్రాసియుంచెను. ఆ పలుకులలో ‘న’ లేక ‘పా’ మాత్రమే గల వాక్యములు కానవచ్చుచున్నవి. ‘న’ను విడుచుట నేటి కుఱ్ఱవారి నిర్లక్ష్యమని తలచువారు గమనింపవలసిన విషయమిది. నాలుగువందల యేండ్లకు పూర్వమే, అదియు రాజగృహమున, ఆ వాడుక కలదు.

ఇట్లు ‘న’ జాఱిపోవుటకు కారణము దాని యునికియందే యున్నది. నిషేధభారమంతయు ‘పా’ వహించుచున్నప్పుడు ‘న’ చేయు పని యేమియు లేదు. పైగా అది ఊనిక లేని హ్రస్వాచ్చుతో కూడినది. ‘జ’కును క్రియకును నడుమ నలుగుచున్నది. పని లేనిదియు, బలము లేనిదియు నగు మాట వేగముగ పలుకు నోటిలో నిలువదు. తూర్ నగరము స్వచ్ఛమైన ఫ్రెంచికి పేరుపడినది. అచ్చటి సంభాషణములను విలియం ఆష్బీ అను పరిశోధకుడు రెండు మాఱులు పరిశీలించెను. 1976లో ‘న’ నిలువదగిన తావులలో నూటికి 37 చోట్ల మాత్రమే యది వినబడెను. 1995నాటికి ఆ సంఖ్య 18కి దిగెను. కెనడాలోని మాంట్రియల్ ఫ్రెంచిని గూర్చి 1977లో ప్రకటితమైన పరిశీలనమున నూటికి ఒక్కచోటనైనను అది నిలిచినట్లు కానరాలేదు. ఇట్టి పరిణామములను డెన్మార్కు పండితుడైన ఓటో యెస్పర్సన్ 1917లో నిషేధమును గూర్చిన తన గ్రంథమున వివరించెను. నిషేధపదము క్షీణించుట, తోడుమాట చేరుట, ఆ తోడుమాటయే నిషేధపదమగుట: ఈ మూడవస్థలకును తరువాతి భాషాశాస్త్రజ్ఞులు 1979నుండి ‘యెస్పర్సన్ చక్రము’ అని పేరిడిరి. సాయము చేయవచ్చినవాడు యజమాని యగుటయు, యజమాని గడప దాటుటయు ఇందు కథ.

ఇక ‘జ సే’ యన్నది ‘షే’ యెట్లగును? ‘న’ పోయిన పిదప ‘జ’ క్రియను తాకును. వేగముగ పలుకునప్పుడు ‘జ’లోని అచ్చు లోపించి, నాదము గల ‘జ్’ నాదము లేని ‘స’కారమునకు ముందు నిలుచును. పరసవర్ణప్రభావముచే అదియు నాదమును కోల్పోయి ‘ష్’ అగును. ఆ పిదప ‘ష్స’ అను రెండు ఊష్మములును కలిసి ఒక్క ‘ష’ యగును. సంస్కృతవ్యాకరణము చదివినవారికి ఇది సుపరిచితమైన మార్గమే. ‘తద్’ అనునది ‘కాల’ శబ్దమునకు ముందు ‘తత్కాల’ మగుటయు, ‘పురుష’ శబ్దమునకు ముందు ‘తత్పురుష’ మగుటయు ఈ న్యాయమువలననే. పాణిని సూత్రించినదానిని సంధి యని గౌరవించి, పారిస్ వీధిలో వినబడినదానిని అశుద్ధ మనుట తగదు. రెండింటను పనిచేసినది మానవుని నోరే.

వాడుక భాషకు నియమము లేదను అపోహ తొలగుటకు ఈ పలుకుబడి వ్యాకరణమును మఱికొంత చూడవలెను. మొదటిది: ‘న’ విడువవచ్చును గాని ‘పా’ విడువరాదు. ‘జ సే’ యనినచో ‘నాకు తెలుసును’ అని విపరీతార్థము వచ్చును. రెండవది: ‘పా’ స్థానము నియతము. అది కాలమును, కర్తను తెలుపు క్రియకు వెంటనే నిలుచును. ‘నాకు తెలియలేదు’ అనునప్పుడు సహాయక్రియకును ప్రధానక్రియారూపమునకును నడుమ వచ్చును. మూడవది: ఏమియు అను అర్థమున ‘రియె’, ఎవరును అను అర్థమున ‘పెర్సొన్’ వచ్చినచోట సాధారణముగ ‘పా’ రాదు. ఇవియు ‘పా’ వంటివే; ‘రియె’ తొలుత ‘వస్తువు’, ‘పెర్సొన్’ తొలుత ‘మనిషి’. వస్తువు శూన్యమైనది, మనిషి ఎవరును కాకుండపోయినాడు. నాలుగవది: ‘ప్లు’ అను మాటకు ఇంక అక్కఱలేదనియు, ఇంకను కావలెననియు రెండర్థములు కలవు. ‘న’ ఉన్నంతకాలము భేదము తెలిసెడిది. అది పోయిన పిదప, ఎక్కువ యను అర్థమున చివరి సకారమును పలికి ‘ప్లుస్’ అనుటయు, ఇక వద్దను అర్థమున దానిని పలుకక ‘ప్లు’ అనుటయు వాడుక యైనది. పోయిన ‘న’ చేసిన పనిని ఒక సకారము చేపట్టినది. ఇంత వ్యవస్థ గలదానిని అవ్యవస్థ యని యెట్లు చెప్పుదుము?

ఐదవ నియమము మర్యాదకు సంబంధించినది. మనము నీవు, మీరు అని యెంచి పలుకునట్లే వారును ‘త్యు’, ‘వు’ అని యెంచి పలుకుదురు. స్నేహితునితో ‘షే పా’ అనువాడే న్యాయాధిపతి యెదుట ‘జ న సే పా’ అనును. లేఖయందును, ఉపన్యాసమునందును ‘న’ నిలుచును. మఱియు తెలియుట, శక్తి కలుగుట, సాహసించుట, మానుట అను అర్థములుగల కొన్ని క్రియలతో ‘పా’ లేకయే ‘న’ యొక్కటియే నిలుచు ప్రాచీనవైఖరి గంభీరమైన వ్రాతలో నేటికిని కలదు. అనగా ‘జ న సే’, ‘జ న సే పా’, ‘షే పా’ అను మూడు యుగముల రూపములును ఒక్క భాషలో ఒక్క కాలమున బ్రతుకుచున్నవి. వానిలో ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అనుటకు వీలులేదు. ఏది యెచ్చట తగునో యెఱుగుటయే భాష యెఱుగుట.

ఇట్టి చిక్కు తెలుగు నేర్వవచ్చిన విదేశీయునకును కలిగినది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దమున ఉత్తరసర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సుదొర పుస్తకముల తెలుగు నేర్చి, ఆ తెలుగు ప్రజలు మాటలాడు తెలుగు కాదని గ్రహించి, ఇట్లేల యున్నదని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి, పి.టి. శ్రీనివాస అయ్యంగారుల నాలోచింపజేసి వ్యావహారికభాషోద్యమమునకు ఒక ప్రేరణ మైనది. రామమూర్తిగారు (1863–1940) అధ్యాపకులుగా నుండినది పర్లాకిమిడి. 1936నుండి అది ఒడిషాలో చేరియున్న తెలుగుల పాతనెలవు. తెలుగు గడపయందు నిలిచి, సవరభాషను గూడ చెవితో విని నేర్చిన పండితునకే వాడుకలోని వ్యవస్థ స్పష్టముగ గోచరించుట యాదృచ్ఛికము కాదనుకొందును. అంతకు కొంత పూర్వము, 1886లో, పాల్ పాసీ అను ఫ్రెంచి ఉపాధ్యాయుడు పారిస్ నగరమున తోటి బోధకులతో నొక సంఘము స్థాపించి, పరభాషను వ్రాతనుండి కాక ధ్వనినుండి మొదలిడి నేర్పవలెనని వాదించెను. ఒకరినొకరు చూడకయే దూరదేశములలో బోధకులు ఒకే సత్యమును కనుగొనుచుండిరి.

మన ‘తెలియదు’నే చూడుడు. నిఘంటువు ‘తెలియదు’ అనును; ఇంట ‘తెలీదు’ అందుము; తొందరలో ‘తెల్దు’ అందుము. పుస్తకమున ‘రాలేదు’, తెలంగాణమున ‘రాలే’. చివరి ‘దు’ జాఱినను నిషేధము ‘లే’యందు నిలిచియున్నది, ‘న’ జాఱినను నిషేధము ‘పా’యందు నిలిచినట్లు. ప్రాచీనకావ్యములలో ‘రాను’ అను ఒక్క రూపమే మూడు కాలములకు చెల్లెడిది; నేడు గడచినదానికి ‘రాలేదు’, జరుగుచున్నదానికి ‘రావడం లేదు’ అని ‘లేదు’ను తోడు తెచ్చుకొన్నాము. మన భాషలోను సాయము వచ్చిన మాట యజమాని యగుచున్నది; మనము చూడకున్నాము.

1962లో ఒడంబడిక అమలులోనికి వచ్చినప్పుడు, పూర్వపు ఫ్రెంచి స్థావరములలోని ఫ్రెంచి పౌరులలో ఆ పౌరసత్వమును నిలుపుకొనదలచినవారికి ఆరు మాసములలో వ్రాతపూర్వకముగ తెలుపుటకు అవకాశ మియ్యబడెను. యానాము కుటుంబములు కొన్ని అట్లు కోరుకొనినవి. అట్టివారిలో ఫ్రాన్సున స్థిరపడిన ఇండ్లయందు మూడు తరముల వాక్యములను ఊహించుట కష్టము కాదు. తాత యానాము బడిలో నేర్చిన ‘జ న సే పా’ను నిండుగ పలుకును. మనుమడు ‘షే పా’ అనును. తాతకు మనుమని మాట అమర్యాదగ తోచును. మనుమనికి తాత మాట పాతపుస్తకముగ తోచును. ఇద్దఱు పలుకునదియు ఒక్క భాషయే; ఒక్క వాక్యపు వేఱువేఱు వయసులు.

ఈ సంపుటము చదువు పలువురి యిండ్లలో ఇదే నాటకము తెలుగుతో జరుగుచున్నది. హోసూరునందును, కోలారునందును, బరంపురమునందును, షోలాపురపు నేతవారి వీథులయందును తరతరములుగ నిలిచిన తెలుగును విని, ఇది చెడిన తెలుగు, పుస్తకమున లేని తెలుగు అని మనవారే చిన్నబుచ్చుకొందురు. పిల్లలు సిగ్గుపడి ఆ మాట విడుచుచున్నారు. ఇంటిమాట విడిచినవానికి పుస్తకపుమాట తనంత తాను రాదు. తుదకు రెండును పోవుచున్నవి. ఫ్రెంచి పలుకుబడి చరిత్ర మనకు నేర్పు పాఠమిది: తప్పుగ వినబడు మాటను దిద్దుటకు ముందు, అది యేల యట్లైనదో విచారింపవలెను. విచారించినచో అందు రాజకుమారుని పలుకో, మఱచిన ఇసుకరేణువో, సంధిసూత్రమో బయటపడవచ్చును. మన అవ్వల నోట నున్న మాటలను వారు పలికినది పలికినట్లు వ్రాసియుంచు ఎరోవార్‌లు ప్రతి తెలుగునెలవునను కావలెను. ఆ పనికి వైద్యుడును రాకుమారుడును అక్కఱ లేదు. కాగితమును, ఓపికయు, చెవియు చాలును.

ఈ మాటలన్నియు గ్రంథచ్ఛాయ గల భాషలోనే వ్రాసితినని కొందఱు నవ్వవచ్చును. సభకు తగిన వస్త్రము సభలో ధరించితిని. ఇంటికి పోయి, ఈ వ్యాసము ఎవరైన చదువుదురా యని యడిగినచో, నేనును ‘ఏమో, తెల్దు’ అనియే అందును.